గోడ పక్క మంచం

"అబ్బాయ్, ఊపిరాడట్లేదు. నీ కిటికీ మంచం నాకివ్వవా?"

అడిగింది గోడ పక్క మంచం మీది పెద్దాయన. ఆయనకూ కిటికీ పక్క లైన్‌మన్‌లాగే కాలి మీద మానని పుండే. గడియారాలు బాగుచేసే మనిషట.

లైన్‌మన్‌కు ఒళ్లు మండింది. కరెంటు స్తంభాలెక్కి గాలిలో బతికినవాడు, నెలల తరబడి ఈ వార్డులో పడి ఉన్నాడు. ఆ కిటికీ ఒక్కటే అతనికి మిగిలిన లోకం.

"కుదరదు పెద్దాయనా."

పెద్దాయన గుండె పట్టుకుని రొప్పడం మొదలుపెట్టాడు. సిస్టర్ పరుగెత్తుకొచ్చింది.

"ఆయన వయసు చూడవయ్యా!"

ఇంకేముంది, మంచాలు మారిపోయాయి.

ఓ పక్క గోడ, ఎదురుగా స్తంభం, పైన తిరగని ఫ్యాను. లైన్‌మన్‌కు బోనులో పడేసినట్టుంది. లేచి పోదామంటే కాలు సహకరించదు.

మర్నాడు కట్లు కట్టే డ్రెస్సరు ఒక్కడే వచ్చాడు, డాక్టరుగారు ఊరెళ్లారట. ఆ వార్డులో మనుషులకు పేర్లుండవు, మంచాలే.

"గోడ మంచం, కాలు చాపు" అంటూ పుండు మీద తేనె పూశాడు.

"ఇదేంటయ్యా! నన్ను చీమలకు మేతేస్తున్నావా?"

"ఇది ఇంట్లో సీసా తేనె కాదు, పుండ్ల కోసమే శుద్ధి చేసింది. క్రిములు పుండు మీద జిగురు పొర కట్టుకుని కింద దాక్కున్నాయి. మందులు ఆ పొర దాటట్లేదు. తేనె దాన్ని విడగొడుతుందని డాక్టరుగారి ఆశ. లేదంటే మోకాలి కింద తీసెయ్యాల్సిందే."

లైన్‌మన్ తన కాలి వైపు చూసుకున్నాడు. కాలు పోతే స్తంభం ఎక్కేదెలా? ఇంట్లో పిల్లల నోట్లోకి ముద్ద పోయేదెలా?

"పుండెలా ఉందబ్బాయ్?" కిటికీ పక్క నుంచి రోజూ అడిగేవాడు పెద్దాయన.

"కిటికీ లాక్కున్నారుగా, పుండు కూడా కావాలా?" అని గోడ వైపు తిరిగేవాడు లైన్‌మన్.

వార్డంతా నవ్వేది. పెద్దాయన కూడా నవ్వేవాడు.

మెల్లగా పుండు అంచుల్లో కొత్త చర్మం కనిపించింది. కాలు దక్కిందన్నారు డాక్టరుగారు. లైన్‌మన్ గోడకేసి తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ వారంలోనే పెద్దాయనను ఆపరేషనుకు తీసుకెళ్లారు. పుండు విషం ఒళ్లంతా పాకిందట. మనిషి తిరిగి రాలేదు.

లైన్‌మన్‌కు జాలి వేసింది. కానీ అంతకంటే ముందు కిటికీ గుర్తొచ్చింది.

"సిస్టర్, నా మంచం నాకిప్పించండి. ఊపిరాడట్లేదని నాటకమాడి మరీ లాక్కున్నాడు."

కిటికీ మంచం దుప్పటి తీస్తున్న సిస్టర్ ఆగిపోయింది.

"నాటకమే. ఆయన ఊపిరికేం కాలేదు. ఊరి నుంచి రాగానే డాక్టరుగారు మంచాలు చూసి కనిపెట్టేశారు."

"చూశారా! నేననలేదూ?"

"డాక్టరుగారు మండిపడితే పెద్దాయనే చేతులు పట్టుకుని బతిమాలారయ్యా. 'నాది కూర్చుని చేసే పని, వాడు స్తంభాలెక్కాలి. మొదలుపెట్టింది ఆపకండి. వాడితో చెప్పకండి' అని."

లైన్‌మన్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏది... ఏది ఆపొద్దన్నారు?"

సిస్టర్ అతని కాలి కట్టు వైపు చూసింది.

"తేనె ఒక్కరికి సరిపడానే వచ్చింది. ఆయన కాలి కోసం తెప్పించిందది."