కోత పడని కారు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, ఇంటి గ్యారేజీలో హైకె రేసు కోసం తన తాతగారి పాత పోర్షె కారు బరువు తగ్గిస్తోంది. కార్పెట్లు, రేడియో, వెనక సీటు పీకేస్తుంటే తండ్రి ఎబర్‌హార్డ్ వాటిని గోడవారగా సర్దాడు. వెనక మడ్‌గార్డు మీద ఇనుము కోసే గ్రైండర్ ఆనించగానే మాత్రం అడ్డం వచ్చాడు.

“ఆపవే! యాభై ఏళ్లుగా దీనిమీద ఒక్క కోత పడలేదు!”

“వెడల్పు చక్రాలు పట్టాలంటే కోయక తప్పదు నాన్నా. పక్కకు జరుగు.”

రంగు దుమ్మై లేచింది. దాని కింద తెల్లటి పుట్టీ రాలింది. పుట్టీ కింద వంకరటింకరగా పాత వెల్డింగ్ అతుకు కనబడింది.

హైకె గ్రైండర్ ఆపేసింది. “ఇదెవరు కోశారు?”

“నేనే, నీ వయసులో. మీ తాత ఊరినుంచి వచ్చేలోగా అతికించేశాను. పోయేదాకా ఆయన ‘కోత పడని కారు’ అని అందరికీ చెప్పుకున్నాడు.”

ఎబర్‌హార్డ్ వచ్చి మడ్‌గార్డును రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

“కానివ్వు. ఈసారి వంకర పోనివ్వకు.”