ఆరు పీపాల గీత

"నా ఇంజను అంత తాగదు, చెల్లీ."

ఇస్సాకు ఆ మాట అనడం అది మూడోసారి. కృపావతి చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"తాగిందన్నది నేను కాదన్నయ్యా. లెక్క."

"నీ లెక్కేగా."

ఆమె లెక్కే. గుడివాడలో మధుసూదనరావు గారి రైసు మిల్లులో ఆమె అన్న ఇస్సాకు ఇంజను డ్రైవరు, భర్త దయానందం స్టోరు గుమాస్తా. ఇదివరకు ఆయిలు పీపాల్లోంచే ఇంజనుకు పోసేవారు. నెలకు అయిదు పీపాలు సరిపోయేవి. ఈ ఏడాది యుద్ధం నాటి ఆయిలు టాంకు ఒకటి వేలంలో కొని నిలబెట్టారు. గాలన్లు పోయి లీటర్లొచ్చాయి. కొలత కర్ర ఎన్ని అంగుళాలు తడిస్తే ఎన్ని లీటర్లున్నట్టో పట్టిక కావాలన్నారు రావుగారు. "టాంకు మీద వెయ్యి గాలన్లని ఉంది" అని దయానందం చెబితే, బందరులో ఇంటరు చదివిన కృపావతి ఇంట్లోనే కూర్చుని వేసి ఇచ్చింది. అప్పటినుంచి లెక్కలో ఇంజను నెలకు ఆరు పీపాలు తాగుతోంది. టాంకు కుళాయి ఉండేది ఇస్సాకు చేతిలో. ఆ ఎక్కువ పీపా అతనే అమ్ముకుంటున్నాడని, శనివారంతో పని మానెయ్యమన్నారు రావుగారు.

"ఇంజను ప్రెషరు గేజీకి రెండొందల పౌన్లంటే పద్నాలుగు కిలోలని రాసిచ్చావు. అది తప్పలేదు. ఇదెక్కడో తప్పింది."

"తప్పితే మొదటి రోజే తెలిసేది. ఆ ఆదివారం ఆరాధన కూడా మానుకుని మీ బావ ఖాళీ టాంకులో ఆరు పీపాలూ దగ్గరుండి పోయించారు. కర్ర సరిగ్గా నా పట్టికలో ఆరు పీపాల దగ్గరే తడిసిందట. అక్కడ గీత కూడా పెట్టారు." ఆమె గొంతు తగ్గించింది. "నిజం చెప్పన్నయ్యా. వదినకి ఒంట్లో బాగోలేక ఏమైనా అవసరం పడిందా?"

ఇస్సాకు లేచాడు.

"నువ్వు కూడా అడిగావూ" అని చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ వీపు చూసి ఆమె చేట పక్కన పెట్టేసింది. "ఆగు. మిల్లులో టేపుందా?"

మధ్యాహ్నం ఇంజను ఆపే వేళకు వెళ్లారు. ఇస్సాకు టేపు పట్టుకున్నాడు. గుండ్రటి టాంకు, అడ్డం అయిదడుగులు. ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. కృపావతి గోడ మీద సుద్దతో లెక్క వేసింది. ఎనిమిది వందల ముప్ఫై చిల్లర గాలన్లు వచ్చాయి. తుడిచి మళ్లీ వేసింది. వెయ్యి రాలేదు.

టాంకుకు బిగించిన పేరు రేకు మీద దుమ్ము కొంగుతో తుడిచి చదివింది. వెయ్యి గాలన్లనే ఉంది. "ఇది ఎక్కడిది?"

"అమెరికా సోల్జర్లు వదిలేసి పోయింది. ఏం?"

కాలేజీలో లెక్చరరు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. అమెరికా గాలను చిన్నది. వాళ్లవి ఆరైతే మనవి అయిదు.

"అన్నయ్యా, నీ ఇంజను తాగేది అయిదే. నా పట్టికే అయిదుని ఆరని చెప్పింది."

ఇస్సాకు ఖాళీ పీపా మీద కూలబడి నవ్వాడు. "అమెరికావాడు గాలన్లో కూడా పిసినారేనా?"

"నిన్ను దొంగవా అని అడిగాను."

"నిన్ను చదివించింది నేనేగా. ఇవాళ్టికి గిట్టిందిలే."

దయానందం అప్పుడే వచ్చాడు. అంతా విని గోడ మీది అంకెలకేసి చూస్తూ నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు.

"రావుగారికి చెప్పకు, కృపా. ఊరంతా నీ చదువు చూసి నవ్వుతారు. బావకి పామర్రు మిల్లులో నేను మాట్లాడతాను."

"నా పరువు కోసం అన్నయ్య దొంగ కావాలా?" అంది మెత్తగా. తన కోసం ఆయన అంతలా కంగారు పడటం ఆమెకు మనసులో బాగానే ఉంది. "కొత్త పట్టిక ఇప్పుడే వేస్తాను. మీ గీత దగ్గరే మొదలుపెడతా. ఆరు పీపాలు పోసి పెట్టిన గీతేగా, దానికి మించిన సాక్ష్యం ఏముంది?"

"అది తర్వాత చూద్దువుగాని" అని దయానందం చెయ్యి చాచాడు. అప్పటికే కర్ర ఆమె చేతిలో ఉంది.

చాకుతో లోతుగా పెట్టిన గీత. కింది నుంచి ఇరవై ఒకటిన్నర అంగుళాలు. కృపావతి గుణించింది. మళ్లీ గుణించింది. పీపాకి రెండు వందల లీటర్ల చొప్పున భాగించింది.

"ఎంతొచ్చింది, చెల్లీ?" అన్నాడు ఇస్సాకు.

ఆ గీత దాకా పట్టేది అయిదు పీపాలే. దయానందం దగ్గరుండి పోయించానన్న ఆరో పీపా టాంకులో పడనే లేదు.