గోడ మీది వాన

ఆ రోజుల్లో ఆకాశం వంక చూసేవి కాకులు మాత్రమే. మనుషులకు గోడ మీద మాట్లాడే పంచాంగం ఉండేది. అది ఎండంటే నల్లకళ్ళజోడు, చలంటే కంబళి.

కాకినాడలో భ్రమరాంబగారు పొద్దున్నే మేడ మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టి, మిగిలిన సగం పిండి మర్నాటికి దాచి, వంటకు దిగారు. ఇంతలో చినుకులు.

"ఏవండోయ్, వాన! పొయ్యి మీద నూనె కాగుతోంది, నేను కదల్లేను. మీరెళ్ళి వడియాల గుడ్డ పట్టుకురండి!"

ఆమె భర్త కామేశంగారు కిటికీని కాదు, గోడను చూశారు. "ఇవాళంతా ఎండేనటే. పైవాటా వాళ్ళు మొక్కలకు నీళ్ళు పోస్తున్నారేమో."

"ఉరుములు కూడా వాళ్ళే పోస్తున్నారా?"

"సరే, తిథి చూసుకోకుండా వచ్చింది కాబట్టి అతిథి. కాసేపుండి పోతుందిలే."

అతిథి వడియాలన్నీ ఆరగించి మరీ పోయింది.

సాయంత్రం పంచాంగం తన తప్పు దిద్దుకుంది. కురిసిపోయిన వానను మర్నాటికి వేసింది. మర్నాడు మాడు పగిలే ఎండ. ఊరంతా గొడుగులేసుకుని చెమటలో తడిసింది. కామేశంగారు కూరలు కొని వచ్చేసరికి గోడ బోసిగా ఉంది.

"పంచాంగమేదే?"

"మేడ మీదుంది, రండి!" పైనుంచి వినిపించింది.

గొడుగుతోనే ఎక్కారు. పంచాంగం వెల్లకిలా పడి "భారీ వర్షం, భారీ వర్షం" అని అరుస్తోంది. దాని మీద పరిచిన గుడ్డపై కొత్త వడియాలు ఎండుతున్నాయి.

"ఆ గొడుగు పట్టుకుని ఇక్కడే కాపలా కూర్చోండి," అన్నారు భ్రమరాంబగారు. "కాకులొస్తాయి. వాటికి పంచాంగం లేదు, ఎండేదో వానేదో తెలుసు."