మొదటి మ్యాచ్‌కు రెండు సీట్లు

"లే తమ్మీ, లే. పదింటికే ఆట షురువైతది" అంటూ లింబాద్రి దుప్పటి లాగేశాడు.

హన్మాండ్లు కళ్లు నులుముకుంటూ లేచాడు. మూడు నెలల చుట్టీ ముగించుకుని ఊరి నుంచి గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాకు నిన్ననే తిరిగొచ్చాడు. శుక్రవారం సెలవు కదా, మధ్యాహ్నం దాకా పడుకోవచ్చనుకున్నాడు పాపం.

"ఏం ఆటనే?"

"ఏం ఆటంటవేందిరా? బేస్‌బాల్. ఇయ్యాల మొదటి మ్యాచ్."

లింబాద్రి అప్పటికే గడ్డం గీసుకుని, స్నానం చేసి, పండక్కి దాచుకున్న తెల్ల చొక్కా తొడిగాడు. మెడలో ఎర్ర రుమాలు కట్టాడు. ఆ గదిలో అతనొక్కడిదే పెళ్లికొడుకు హడావుడి.

వాళ్ల లేబర్ క్యాంపు పక్కనే అమెరికా కంపెనీ క్వార్టర్లు. ఎండలు తగ్గి నవంబరు రాగానే అక్కడి ఇంజనీర్లు ప్రతి శుక్రవారం బేస్‌బాల్ ఆడతారు. రెండేళ్లుగా ఈ ఇద్దరూ జాలీ కంచెకు ముఖాలు ఆనించి ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా చూశారు. పేర్లు తెలియవు కనుక ఆటగాళ్లకు తామే పేర్లు పెట్టుకున్నారు. ఎర్ర టోపీల జట్టు తమది. అందులో ఎడమచేత్తో కొట్టే ఎర్రగడ్డం అంటే లింబాద్రికి ప్రాణం.

"ఇగ చూసుడు యాడిది లింబన్నా? ఖలాస్. నిన్న బండి దిగంగనే చూసిన. జాలీ పీకేసి మనిషెత్తుకంటె పెద్ద గోడ పెట్టిండ్రు" అన్నాడు హన్మాండ్లు.

"మనం నిలవడి చూస్తుంటె ఆళ్ల ఆడోళ్లకు ఇబ్బందైతుందట. ఆళ్ల మేనేజర్ ఉన్నడు గద, ఆ ముదీర్ ఆర్డరేసిండు."

"గంత నిమ్మలంగ చెప్తున్నవేందే?"

"నీకో సీటు, నాకో సీటు పట్టి పెట్టిన. ముంగటి వరుస. చాయ్ తాగి నడువు."

హన్మాండ్లు చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే చూశాడు. "ముదీర్ పాసులిచ్చిండా?"

"సీట్లున్నయంటున్న గద. యల్లా."

దారి పొడుగునా లింబాద్రి నోరు మూతపడలేదు. పోయిన ఏప్రిల్‌లో ఆఖరి మ్యాచ్‌లో ఎర్రగడ్డం మూడుసార్లు బ్యాట్ ఊపి మూడుసార్లూ తప్పి ఔటయ్యాడు. ఆ రోజు నుంచి వారం పాటు లింబాద్రికి అన్నం సహించలేదు. క్యాంపంతా నవ్వింది.

"అది పోయినేటి ముచ్చట. ఇయ్యాల అందరికి సున్నానే. గెలిచినోనికీ సున్నా, ఓడినోనికీ సున్నా. సీజన్ మొదటి రోజుల గదే మజా తమ్మీ. ఈసారి మనోడు ఆ నీలి టోపీలోళ్ల దుమ్ము దులుపుతడు."

"నువ్వు జెప్పినవని కొడ్తడా?"

"కొడ్తడు. నా మనసు చెప్తున్నది."

కాసేపు నడిచాక గొంతు తగ్గించాడు. "బంతిని ఎంత దూరం కొట్టినా ఉత్తదే. మూడు మూలలు తిరిగి, మల్ల బయలెల్లిన కాడికి ఇంటికొస్తెనే లెక్క. వాన్ని రానియ్యకుంట తొమ్మిది మంది అడ్డముంటరు. మనోడు ఉరికి, కిందవడి, మట్టిల జారుకుంటనన్న వస్తడు. అది చూస్తె నాకు కడుపు నిండుతది."

లింబాద్రి ఊరి ముఖం చూసి నాలుగేళ్లయింది. చేతిలో పని ఉందని వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఈసారి కూడా చుట్టీ ఆపేశాడు. హన్మాండ్లు ఇక వెక్కిరించడం మానేశాడు.

క్వార్టర్ల గేటు దగ్గర కాపలా ఉండే హబీబుల్లా వీళ్లను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అందర్ జానా మనా హై, లింబాద్రి భాయ్."

"మాలూం హై, ఖాన్ సాబ్." లింబాద్రి సలాం చేసి, గేటులోకి వెళ్లకుండా గోడ వెంట ముందుకు సాగాడు.

హన్మాండ్లు గేటు వైపు వేలు చూపించాడు. "గేటు ఈడ్నే ఉన్నది గదనే?"

"మన గేటు గాదది."

గోడ వెనుక వైపుకు చేరేసరికి లోపల చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. బంతి తోలు తొడుగులో పడిన చప్పుడు ఇవతలికి వినిపించింది. రెండేళ్లు కళ్లారా చూసిన ఆట, ఇప్పుడు మూడు అడుగుల దూరంలో జరుగుతూ కనిపించడం లేదు. హన్మాండ్లుకు ఒళ్లు మండిపోయింది.

"ఈ గోడ గట్టినోని చేతులిరగ. చీమ దూరేటంత సందన్న ఇడువలే."

పొద్దుటి నుంచి లింబాద్రి ముఖాన ఉన్న నవ్వు మొదటిసారి మాయమైంది. "తిట్టేదుంటె ముదీర్‌ను తిట్టు, పనిని తప్పువట్టకు. తూకపు గుండేసి చూడు. నూలువాసి వంకరుంటె నన్నడుగు."

"వాని తరఫున మాట్లాడుతున్నవేందే నువ్వు? సీట్లన్నవు, ముంగటి వరుసన్నవు. నేను వోత."

లోపల జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. లింబాద్రి చెవి గోడకు ఆనించాడు. కళ్లు మెరిశాయి. "ఎర్రగడ్డం వస్తున్నట్టున్నడు. కూసో, కూసో. ఇది నీ సీటు."

హన్మాండ్లును భుజం పట్టి ఇసుకలో కూర్చోబెట్టాడు. తను పక్కన కూర్చుని, వాడి ముఖానికి ఎదురుగా ఉన్న సిమెంటు ఇటుక అంచులను వేళ్లతో గీకాడు. ఎండిన మట్టి పొడిపొడిగా రాలింది. ఇటుకను అటూ ఇటూ కదిపి మెల్లగా ఒళ్లోకి లాక్కున్నాడు. తన ఎదుట ఉన్నదాన్నీ అలాగే తీశాడు. ఎదురుగా మైదానం మొత్తం కనిపించింది. ఎర్రగడ్డం బ్యాట్ ఎత్తి నిలబడ్డాడు. బంతి రావడం, బ్యాట్ తగలడం, అది నీలి టోపీల నెత్తి మీదుగా ఎగిరిపోవడం ఇద్దరూ రెప్ప వెయ్యకుండా చూశారు. ఎర్రగడ్డం మూడు మూలలూ తిరిగి ఇంటికి చేరేదాకా ఊపిరి బిగపట్టారు.

అప్పుడు హన్మాండ్లు, లింబాద్రి ఒళ్లోని ఇటుకలకేసి, అతని ముఖం కేసి నోరు తెరుచుకుని చూశాడు.

గోడ కట్టేటప్పుడు ఆ రెండింటికీ లింబాద్రి సిమెంటు పెట్టలేదు.