మిర్రర్ కొట్టిన ఇల్లు

“నీకు ఆగ్నేయంలో వంటిల్లు, నాకు నైరుతిలోనా? బాగుండాదన్నా పంపకం.” లోకనాథం కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “ఈ ప్లాను నాకొద్దు. నా ఇల్లు నేను యాడన్నా కట్టుకుంటా.”

మునెప్ప తమ్ముడి వైపు చూడలేదు. పుంగనూరులో పక్కపక్క స్థలాల్లో వాళ్ళు కట్టబోయే రెండిళ్ళూ కంప్యూటర్ తెర మీద ఉన్నాయి.

“కావాలని చేసింది కాదు సార్,” అంది డిజైనర్ హిమజ. “పెద్దాయన ఇల్లు గీసి మిర్రర్ కొట్టినా. అద్దంలో మాదిరి కుడి ఎడమైపోయి, వంటిల్లు మూల మారింది. కాపీ కొడితే రెండూ అచ్చం ఒకటే.”

“మరి యాల కొట్టలేదు?”

హిమజ మునెప్పను చూసింది.

“కొట్టమ్మా, సూస్తాం,” అన్నాడు లోకనాథం.

కొట్టింది. వంటిల్లు ఆగ్నేయానికి వెళ్ళింది. అప్పటిదాకా ఒకే గోడకు అటూ ఇటూ ఆనుకుని ఉన్న రెండు వరండాలు విడిపోయాయి. మధ్యలోకి లోకనాథం పడకగది వచ్చింది.

“మిర్రర్ కొట్టమన్నది నేనే,” అన్నాడు మునెప్ప. “వరండాలు పక్కపక్కనుంటే సాయంత్రం మాట్లాడుకోవచ్చనుకున్యా. వంటిల్లు సూసుకోలేదు. పోనీలే, ఇట్నే ఉండనీ.”

లోకనాథం తెర వైపే చూస్తున్నాడు. ఇంతసేపూ అతనికి మూలలు తప్ప ఏమీ కనబడలేదు.

“ముందటి మాదిరే పెట్టమ్మా,” అన్నాడు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. “వంటిల్లొక్కటే జరుపు. వరండాల మధ్య గోడ అంతెత్తు యాల? కూర్చుంటే మనిషి కనబడాల.”