వంశధార మార్కు జాకెట్టు

"లేబుల్ పైకి కనబడేలా మడతెట్టే గౌరీ! ఖరగ్‌పూర్‌లో మన ఆంధ్రా పేరు ఎలా నిలబెట్టినామో మీ ఊరోళ్లు సూడాల!" ముందు దుకాణంలోంచి మొగుడు కేకేశాడు.

'వంశధార' అని ఉన్న ఆ లేబుళ్లన్నీ వెనక గదిలో కూర్చుని గౌరే కుడుతుంది. వంశధార ఏటి ఒడ్డునే పుట్టిన మనిషి. పెళ్లై వచ్చాక మళ్లీ దాన్ని చూడలేదు. వెళ్తానన్నప్పుడల్లా "ఈ పూజల గిరాకీ అయిపోనీ" అంటాడు. ఆమెకు చదువు రాదు. పుట్టింటికి ఉత్తరాలు ఆయనే రాస్తాడు, సుఖంగా ఉందని.

ఖరగ్‌పూర్‌లోనే ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఉండే సత్యవాణి రేపు గౌరి పుట్టింటి ఊరే వెళ్తోంది. తల్లికిమ్మని గౌరి ఇచ్చిన జాకెట్టు మడత విప్పి చూసి, సత్యవాణి నవ్వింది.

"ఇదేటి గౌరీ, ఇంత ఇరుగ్గా కుట్టినావు? మీయమ్మకి సెయ్యైనా దూరదే!"

గౌరి మిషను ఆపలేదు. ఆ చప్పుడు చాటున మెల్లగా అంది.

"అమ్మ తొడుక్కోడానికి కాదప్పా. నా ఇప్పటి కొలతకే కుట్టినాను. పెళ్లికి ముందు నేను తొడుక్కున్న జాకెట్టు అమ్మ దగ్గరే ఉన్నాది. రెండూ పక్కపక్కన పరిసి సూస్తే, అమ్మే బయల్దేరి వస్తాది."