మంత్రసాని మీద వారెంటు

"రేపట్నుంచి నువ్వు పనిలోకి రావొద్దు" అన్నాడు డాక్టరు.

పురిటి వార్డులో బట్టలుతికే ఆమె చేతిలోని దుప్పటి కింద పెట్టింది. పదేళ్లుగా ఆ దుప్పట్లు ఉతికి చేతులు కాయలు కాచిన మనిషి.

"నేనేం చేశానయ్యా?"

డాక్టరు గుమ్మం వైపు చూపించాడు. అనుమానానికి జవాబులతో పనేముంది!

అతని భార్య పోయి నాలుగు నెలలైంది. తనే దగ్గరుండి పురుడు పోశాడు. ఇంకొకరి చేయి తగలనివ్వలేదు. రెండో రోజున జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి మనిషే లేదు. ఆ వార్డులో అదే జ్వరానికి అప్పటికే ఎందరో బాలింతలు రాలిపోయారు. సాటి వైద్యులంతా చెడుగాలి అని తేల్చేశారు.

డాక్టరుకు ఒళ్లు మండిపోయింది. గాలి మీద పగ తీర్చుకోవడం ఎలా?

"గాలీ లేదు, దుమ్మూ లేదు. ఎవరో మోసుకొస్తున్నారు. వాళ్లు నా చేతికి చిక్కాలి" అన్నాడు.

ఇక తిండీ నిద్రా మానేసి వెతికాడు. అదివరకు పోయినవాళ్లలో కొందరి శవాలనే కోసేవాడు; ఇప్పుడు ప్రతి బాలింతనూ పొద్దున్నే శవాల గదిలో తనే కోసి చూసేవాడు. చేతులు తుడుచుకుని నేరుగా వార్డుకొచ్చి, నొప్పులు పడుతున్న ప్రతి తల్లినీ తనే పరీక్షించేవాడు. ఇంత శ్రద్ధ ఉన్న డాక్టరు ఇంకెక్కడా లేడని ఊరంతా చెప్పుకుంది. అయినా చావులు తగ్గలేదు సరికదా, రెట్టింపయ్యాయి.

కసి కూడా రెట్టింపైంది. ఊడ్చే అతన్ని గెంటేశాడు. పాలు పోసే ఆవిణ్ణి గెంటేశాడు. దొంగచాటుగా ఎవరూ దూరకుండా కిటికీలకు మేకులు కొట్టించాడు. చివరికి ముసలి మంత్రసాని మిగిలింది.

"ప్రతి పురిటికీ నువ్వుంటావు. ఏం కలుపుతున్నావు కషాయంలో?"

"నిన్ను భూమ్మీద వేసిందీ నేనే నాయనా. ఒకరి చావు నేను కోరతానా?"

అతను కరగలేదు. ఆమెనూ గెంటేశాడు. అంతటితో చాలదు, ఉరి తీయించాలి. ఆ రోజే నగరానికి బయల్దేరాడు. కోర్టు చుట్టూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, ఎనిమిదో రోజున వారెంటుతో, ఇద్దరు పోలీసులతో తిరిగొచ్చాడు.

గుమ్మంలోనే నర్సు ఎదురైంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"మీరు వెళ్లాక పురుడైనవాళ్లలో ఒక్క చావు లేదండీ. పదకొండు పురుళ్లు. అందరూ క్షేమం."

డాక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు నెలల తర్వాత గుండె చల్లబడింది.

"చూశారా" అన్నాడు పోలీసులతో. "ముసల్ది పోయింది, చావూ పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి? పదండి, దాని ఇల్లు చూపిస్తా."

"ఇంటికెందుకండీ? లోపలే పురుడు పోస్తోంది" అంది నర్సు బెదురుతూ. "మనుషులు చాలక మీరు వెళ్లిన సాయంత్రమే పిలిపించాం. బట్టలుతికే ఆమె, ఊడ్చే అతను, పాలావిడ అందరూ వచ్చేశారు. కిటికీలు కూడా తెరిచాం."

డాక్టరు వారెంటు మీద పేరు మళ్లీ చదివాడు.

"ఈ ఎనిమిది రోజులూ వార్డులో లేనిది మీరొక్కరేనండీ."